ఇంటి లెక్క అడిగిన ఉత్తరాలు

1928లో మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ అనే మాసపత్రిక మొదలైంది. నడిపింది ఒంగోలు దగ్గరి ఇనమనమెళ్లూరులో పుట్టి, బతుకుతెరువు వెతుక్కుంటూ మద్రాసు చేరి, వైద్యుడిగా పేరు తెచ్చుకున్న డాక్టర్ కె.ఎన్. కేసరి. ఆడవాళ్ల జబ్బులకు ఆయన తయారుచేసిన ‘లోధ్ర’ మందు తెలియని తెలుగిల్లు అప్పట్లో అరుదు. ఆ పత్రికలో బాపట్ల ఆడపడుచు కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ పేరుతో ఒక శీర్షిక రాయడం మొదలుపెట్టారు. శారద అనే ఆవిడ కల్పలత అనే స్నేహితురాలికి రాసే ఉత్తరాలవి. ఆరేళ్లపాటు సాగాయి. పెళ్లి వయసు, విడాకులు, ఆడపిల్లల చదువు, ఖద్దరు, అంటరానితనం, చట్టసభల్లో జరిగే చర్చలు, అన్నీ ఆ ఉత్తరాల్లోకి వచ్చాయి. ఇంటి పని ముగించుకున్న ఆడమనిషి తనలాంటి మరో ఆడమనిషికి క్షేమసమాచారం రాస్తున్నట్టే దేశం సంగతులన్నీ వచ్చాయి.

తెలుగు సాహిత్య చరిత్రల్లో వరలక్ష్మమ్మకు చోటు లేకపోలేదు. తొలితరం రచయిత్రుల వరసలో పేరు ఉంటుంది, గాంధీ మార్గంలో నడిచిన సంఘసేవకురాలు అన్న గౌరవం ఉంటుంది. స్త్రీవాదం దగ్గరకు వచ్చేసరికి మాత్రం చాలామంది ఆమెను దాటుకుని ముందుకు వెళ్లిపోతారు. ఆమెను సంస్కరణవాది అంటారు. అంటే మంచి భార్య, మంచి తల్లి, మంచి పౌరురాలు కావడమెలాగో ఆడవాళ్లకు చెప్పిన మనిషి అని అర్థం. అసలు తిరుగుబాటు నవలాకారుడు చలంతో మొదలైందనీ, ఆడవాళ్ల కలం నుంచి వచ్చిన తిరుగుబాటు ఇంకో యాభై ఏళ్లకు గాని రాలేదనీ ఒక లెక్క మన మనసుల్లో స్థిరపడిపోయింది. ఈ లెక్క సరిచూడాల్సిన అవసరం ఉంది. వరలక్ష్మమ్మ పాత్రలు గడప దాటాయా లేదా అని చూసినంతకాలం ఆమె చేసిన పని కంటపడదు. ఇంటి సంగతిని చట్టం సంగతిగా, చట్టం సంగతిని ఇంటి సంగతిగా మార్చడం ఆమె చేసిన పని. ఆ ఇంట్లో ఎవరి శ్రమ ఎంత, ఎవరి హక్కు ఎంత అని పద్దు విప్పి చూడటం ఆమె చేసిన పని. గుంటూరు సీమలో ఆ తర్వాత ఆడవాళ్లు రాసిన గొప్ప కాల్పనిక సాహిత్యానికంతటికీ పునాది అక్కడ పడింది.

ఆమె బతుకులోని తేదీలే ముందు ఒక సాక్ష్యం. 1896లో బాపట్లలో పాలపర్తి వారింట పుట్టారు. 1909లో కనుపర్తి హనుమంతరావుతో పెళ్లయింది. అప్పటికి పన్నెండో పదమూడో ఏళ్లు. ఇరవై ఏళ్ల తర్వాత ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండందే పెళ్లి చేయకూడదని వచ్చిన చట్టాన్ని గురించి రాసిన మనిషి, ఆ చట్టం ఆపదలచుకున్న వయసులోనే కాపురానికి ముడిపడిన మనిషి. 1919లో ‘సౌదామిని’ కథతో పత్రికల్లోకి వచ్చారు. ఆంధ్రపత్రికలో ‘లీలావతి’ అనే కలం పేరుతో ‘మా చెట్టు నీడ ముచ్చట్లు’ రాశారు. ‘వసుమతి’, ‘విశ్వామిత్ర మహర్షి’, ‘వరదరాజేశ్వరి’ ఆమె నవలలు. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. రచయిత్రుల కోసం కేసరి ఏర్పాటుచేసిన గృహలక్ష్మి స్వర్ణకంకణాన్ని 1934లో అందరికన్నా ముందు అందుకున్నది ఆమే. 1978లో కన్నుమూశారు. ఎనభై ఏళ్లకు పైబడిన ఆ జీవితంలో బాల్యవివాహాలు మామూలుగా సాగిన రోజులూ ఉన్నాయి, హిందూ వివాహ చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటిన రోజులూ ఉన్నాయి. ఆ రెంటి మధ్య దూరాన్ని తన కళ్లతో చూసి, నడుస్తున్నప్పుడే దాని గురించి రాసిన రచయిత్రులు మనకు ఎక్కువమంది లేరు.

శారద లేఖలు వ్యాసాలే గాని సాహిత్యం కాదనేవారు ముందు గమనించాల్సింది, శారదా కల్పలతా కల్పిత పాత్రలని. వరలక్ష్మమ్మ తన పేరుతోనే వ్యాసం రాయగలరు. అలా రాయకుండా ఒక మనిషిని పుట్టించి, ఆమెకో స్నేహితురాలిని పుట్టించి, వాళ్ల మధ్య చనువును పుట్టించి, ఆ చనువులోంచి మాట్లాడించారు. ఎందుకు? పెళ్లయి వేరే ఊరికి వెళ్లిపోయిన ఆడపిల్లకు తనదంటూ మిగిలే లోకం ఆ రోజుల్లో ఉత్తరమే. పుట్టింటి కబురైనా, చిన్ననాటి స్నేహమైనా ఆ కాగితం మీదే రావాలి. సభలో మాట్లాడే హక్కు లేని మనిషికీ ఉత్తరం రాసే హక్కు ఉంటుంది. అందులో వంట గురించి రాసినా ఎవరూ ఆశ్చర్యపోరు, చట్టం గురించి రాసినా అడ్డుకునేవాళ్లుండరు. ఈ రెండో వీలును వరలక్ష్మమ్మ పసిగట్టారు. చెట్టు నీడ ముచ్చట్లయినా అంతే. మగవాళ్ల రచ్చబండకు సాటిగా ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకునే తావును ఆమె అచ్చులో కట్టారు. పత్రిక ఉపన్యాసాలిచ్చే రోజుల్లో ఆమె సంభాషణను ఎన్నుకున్నారు. ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదు, రెండు శీర్షికల్లోనూ అదే చేశారు గనుక.

సరిగ్గా ఆ 1928లోనే ఇంగ్లండులో వర్జీనియా వూల్ఫ్ కేంబ్రిడ్జి విద్యార్థినుల ముందు మాట్లాడారు. ఆడది రాయాలంటే ఆమెకు సొంత ఆదాయమూ, తలుపు వేసుకోగల సొంత గదీ కావాలన్న ఆ వాదం మరుసటేడు పుస్తకమై లోకమంతా తిరిగింది. ఆ రెండూ ఆనాటి తెలుగు ఇల్లాలికి అందని సంగతులు. ఉమ్మడి కాపురాల్లో తలుపు వేసుకోగల గది ఎక్కడిది? ఆస్తి హక్కే లేనప్పుడు ఆదాయం ఎక్కడిది? గది లేని మనిషి నలుగురి మధ్యే కూర్చుని రాయగల ప్రక్రియను వెతుక్కుంది. పని నడుమ ఆపి మళ్లీ అందుకున్నా తెగని రచన ఉత్తరమొక్కటే. లేఖ అనే రూపాన్ని ఆ ఇరుకే ఇచ్చిందని నా అభిప్రాయం. ఆ ఇరుకును బలంగా మార్చుకోవడం ఆమె నేర్పు.

శారదా చట్టం సంగతి తీసుకుంటే ఈ రూపం ఎంత పదునైనదో తెలుస్తుంది. హరవిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది కనీస వయసని తేల్చింది. చట్టం వచ్చిందనగానే పెళ్లిళ్లు ఆగిపోలేదు. ఆమోదానికీ అమలుకూ మధ్య దొరికిన ఆ కొద్ది నెలల్లో దేశమంతటా తొందర తొందరగా చిన్నపిల్లల మెళ్లో తాళ్లు పడ్డాయి. అమల్లోకి వచ్చాక తెలుగువాళ్లకు ఇంకో దారి దొరికింది. గోదావరి పాయ పక్కన ఫ్రెంచి వాళ్ల ఏలుబడిలో ఉన్న యానాంలో బ్రిటిషు చట్టం చెల్లదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెళ్లివారు పిల్లల్ని వెంటబెట్టుకుని యానాం వెళ్లి ముహూర్తాలు కానిచ్చుకొచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరే వచ్చింది. పసిపిల్లల పెళ్లికోసం పొలిమేర దాటి వెళ్లినవాళ్లలో చదువుకున్న పెద్దమనుషులు లేరనుకోవడానికి వీల్లేదు.

ఆ చట్టంలోనే ఒక లోపం ఉంది. చిన్నపిల్లకు పెళ్లి చేసినవారికి నెలరోజుల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా అని రాసినా, జరిగిన పెళ్లి మాత్రం చెల్లుతుంది. ఎవరైనా ముందుకొచ్చి ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు తనంతట తాను పట్టించుకోదు. మేనమామ మీదా, తాతమీదా, ఇరుగుపొరుగు మీదా ఎవరు ఫిర్యాదు చేస్తారు? అందువల్ల ఈ చట్టం నిలవడమా పడిపోవడమా అన్నది కచేరీలో తేలే వ్యవహారం కాలేదు. ఇంటి నడవాల్లో తేలాలి. పిల్ల తల్లి వద్దని గట్టిగా అంటేనే ఆగుతుంది. నాయనమ్మ చచ్చేలోగా మనవరాలి పెళ్లి చూడాలని పట్టుబట్టకపోతేనే ఆగుతుంది. అక్కడికి జడ్జిగారి తీర్పు చేరదు, ఉపన్యాసమూ చేరదు. గృహలక్ష్మి సంచిక చేరుతుంది. ఒక ఆడమనిషి చదువుతుంటే నలుగురు వింటారు. శారద కల్పలతకు రాసిన ఉత్తరం వాళ్లకు రాసిన ఉత్తరమవుతుంది. చట్టం చేతకాని చోట సాహిత్యం ఆ పని నెత్తిన వేసుకున్న సందర్భమిది. దాన్ని హితబోధ అని పక్కన పెట్టేవాళ్లు ఆ చట్టం ఎంత బలహీనమైనదో ఒకసారి చూడాలి.

విడాకుల మాటకూడా అటువంటిదే. హిందూ స్త్రీకి దేశమంతటా విడాకుల హక్కు 1955 హిందూ వివాహ చట్టంతో వచ్చింది. ఆ మాట శారద ఉత్తరాల్లోకి అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందే వచ్చింది. గౌరవమైన ఇళ్లలో ఆ పదాన్ని పైకి అనడమే తప్పుగా తోచే రోజులవి. ‘గృహలక్ష్మి’ అని పేరు పెట్టుకున్న పత్రికలో, వ్రతాలూ నోములూ చేసుకునే పాఠకురాలి ముందు ఆ చర్చ పెట్టడమే సాహసం. చర్చలో ఏ పక్షం వహించారన్నది తర్వాతి ప్రశ్న. కాపురం అనేది చర్చించదగిన విషయమనీ, దానికి షరతులుంటాయనీ, ఆ షరతుల్ని మనుషులే రాస్తారు గనుక మనుషులే మార్చగలరనీ తెలిసిపోయాక ఆ ఇల్లు మునుపటి ఇల్లుగా ఉండదు.

కథల్లో ‘కుటీరలక్ష్మి’ నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మిల్లు బట్టల దెబ్బకు చేనేత కుప్పకూలిన కాలంలో ఒక నేతగాడి ఇంటి ఆడమనిషి బతుకును చెప్పిన కథ అది. సూసీ తారూ, కె. లలితా కలిసి భారతీయ స్త్రీల రచనలను ఏర్చి కూర్చిన ఆంగ్ల సంకలనం తొలి సంపుటంలో ఈ కథకు చోటిచ్చి దేశమంతటికీ చూపించారు. కథ నేపథ్యం తెలియాలంటే బాపట్ల పక్కనే ఉన్న చీరాల, పేరాలలను తలుచుకోవాలి. నల్లరేగడిలో పండిన పత్తి మూటలై ఓడలెక్కి వెళ్లడం, మాంచెస్టరు బట్టగా తిరిగిరావడం, ఆ బట్టముందు ఊళ్లో మగ్గం ఓడిపోవడం, ఇదంతా ఆ ప్రాంతం వారికి పుస్తకంలో చదివిన అర్థశాస్త్రం కాదు, పక్కింటి ఆకలి. 1921లో పురపాలక పన్నులు కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరికి ఊరు ఖాళీచేసి రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్న జనం వాళ్లే. ఆ ఉద్యమాన్ని గురించి రాసిన చరిత్రల్లో నాయకులు కనిపిస్తారు. ఆ పాకల్లో పొయ్యి రాజేసిన ఆడవాళ్లు కనిపించరు.

మగ్గం ఉన్న ఇంట్లో పని ఎలా నడుస్తుందో తెలిస్తే కథ బరువు తెలుస్తుంది. గుంటలో కూర్చుని నాడె ఆడించేది చాలాచోట్ల మగమనిషి. అతను కూర్చునేలోగా జరగాల్సిన పనికి అంతుండదు. నూలు చిక్కులు తీయాలి, రాట్నం మీద కండెలు చుట్టాలి, ఆసు పోయాలి, పడుగుకు గంజి పెట్టి వీధి పొడవునా సాగదీసి ఆరబెట్టాలి, పోగు పోగూ పట్టి అచ్చు అతకాలి. ఇందులో చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదుగా, పిల్లల చేతుల మీదుగా సాగే పని. కూలి మాత్రం చీరకింత అని లెక్కగట్టి మగ్గం మీద కూర్చున్న మనిషి చేతిలో పెడతారు. మిగతాదంతా ఇంటిపని కింద జమ. చేనేత కూలిపోతే ‘నేతగాడి’ బతుకు పోయిందని లోకం అంటుంది. పోయింది ఇద్దరి బతుకు అయినా ఒకరి పేరు మీదే ఆ నష్టం కూడా రాస్తారు. వరలక్ష్మమ్మ కథకు మధ్యలో ఆడమనిషిని నిలబెట్టి, పేరు కూడా ఆమె మీదుగానే పెట్టి, ఆ జమాఖర్చును తిరగరాశారు. సిరి ఆ గుడిసెలో ఎవరివల్ల ఉందో చెప్పారు. జాతీయోద్యమం రాట్నాన్ని దేశభక్తికి గుర్తుగా చూస్తున్నప్పుడు, ఆ కథ రాట్నం వెనక కూర్చున్న మనిషి కడుపును చూసింది. ఖద్దరు ప్రచార కథ అని దీన్ని కొట్టిపారేయడం సులభం. ప్రచారం ఉంది కూడా. అయితే ఆడదాని సంపాదన ఇల్లు నిలబెడుతుందన్న సంగతిని అంత సూటిగా అచ్చులో పెట్టిన కథలు అప్పటికి తెలుగులో ఎన్ని ఉన్నాయి?

ముందుతరంతో పోలిస్తే ఈ మార్పు ఇంకా స్పష్టం. బండారు అచ్చమాంబ 1902లో రాసిన ‘ధనత్రయోదశి’లో, లేమికి తట్టుకోలేక యజమాని డబ్బుమీద ఆశపడ్డ భర్తను భార్య ఆపుతుంది. తెలుగు కథకు తొలి రూపాల్లో ఒకటైన ఆ కథలో ఆడదానికి దక్కిన అధికారం నైతికమైనది. మగవాణ్ని దారిలో పెట్టగల మనిషిగా ఆమె నిలబడింది. అది పెద్ద అడుగు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి వరలక్ష్మమ్మ ఆ అధికారాన్ని ధర్మం నుంచి శ్రమకూ, శ్రమ నుంచి హక్కుకూ తీసుకొచ్చారు. చుట్టూ గాలి కూడా అందుకు అనువుగా ఉంది. గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు 1922లో శారదా నికేతనం పెట్టి, దిక్కులేని ఆడపిల్లలకూ వితంతువులకూ చదువుతో పాటు చేతిపనులు నేర్పుతున్నారు. 1921లోనే మద్రాసు రాష్ట్రంలో ఆడవాళ్లకు ఓటు వచ్చింది. అదీ ఆస్తి ఉన్నవాళ్లకే. ఆడదానికి ఆస్తే లేనిచోట ఆ ఓటు ఎందరి చేతికి వచ్చి ఉంటుందో ఊహించవచ్చు. చదువు, సంపాదన, ఆస్తి, ఓటు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని ఆనాటి గుంటూరు సీమ ఆడవాళ్లకు ఏ సిద్ధాంత గ్రంథమూ చెప్పనక్కరలేకపోయింది.

ఇక అసలు అభ్యంతరం. చలం ‘మైదానం’ 1927లో వచ్చింది. అందులో రాజేశ్వరి వకీలు భర్తను వదిలేసి అమీరు వెంట వెళ్లిపోతుంది. శారద లేఖలు మొదలైంది ఆ మరుసటేడు. ఒకరు ఇంటి గోడలు పగలగొడుతుంటే మరొకరు ఆ ఇంటికే సున్నం వేస్తున్నారు కదా, దీన్ని స్త్రీవాదం అనడమెందుకు అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. పతివ్రతాదర్శం మీద గౌరవం వరలక్ష్మమ్మ రచనల్లో ఉంది. కుటుంబం ఉండాలనే ఆమె కోరుకున్నారు. చలం చూపిన దేహస్వేచ్ఛ ఊసు ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆ పత్రిక ఏ ఇంటి గడపా దాటి లోపలికి వెళ్లేది కాదన్నది నిజమే, అయినా అదొక్కటే కారణమని నేను చెప్పను. ఆమె నమ్మకం కూడా అదే.

అయితే గడప దాటిన రాజేశ్వరికి అన్నం ఎవరు పెడతారు? ఆ ప్రశ్నను ‘మైదానం’ కావాలనే పక్కన పెట్టింది. ఏరు, ఇసుక, చింతచెట్టు ఉన్న ఆ లోకంలో జమాఖర్చులు లేవు. చలం గొప్పతనం ఆ తెంపులోనే ఉంది. ఆ తెంపు తెలుగు సాహిత్యానికి అవసరమైంది కూడా. కాని 1927లో భర్తను వదిలిన హిందూ స్త్రీకి విడాకులు లేవు, మళ్లీ పెళ్లి లేదు, తండ్రి ఆస్తిలో కొడుకుతో పాటు వాటా లేదు. మొగుడు పోయిన ఆడదానికి అతని ఆస్తిలో పరిమితమైన హక్కు రావడానికే 1937 దాకా ఆగాల్సివచ్చింది. కూతురికి తండ్రి స్వార్జితంలో కొడుకుతో సమానంగా వారసత్వం 1956లో గాని రాలేదు. ఈ తేదీలన్నీ పక్కన పెట్టుకుని చూస్తే, చలం ఆడదాని మనసుకు తలుపు తెరిస్తే వరలక్ష్మమ్మ తలుపు తెరిచాక నిలబడటానికి నేల ఏదని అడిగారని తెలుస్తుంది. రెండూ కావాలి. మొదటిదాన్ని మాత్రమే తిరుగుబాటుగా లెక్కించడం మగవాళ్ల వైపు నుంచి చూసిన చూపు. తనదని చెప్పుకోవడానికి పొలమో జీతమో ఉన్నవాళ్లకు స్వేచ్ఛ ముందుగా మనసు సంగతిగా తోస్తుంది. ఏదీ లేనివాళ్లకు స్వేచ్ఛ ముందుగా కూడూ గుడ్డా సంగతి.

రెండో అభ్యంతరం నాకు దీనికన్నా బరువుగా తోస్తుంది. శారదా కల్పలతా ఏ ఇళ్ల ఆడవాళ్లు? చదవడం, రాయడం వచ్చి, పత్రికకు చందా కట్టగలిగి, మధ్యాహ్నం కాసేపు కూర్చునే వీలున్న పైకులాల, మధ్యతరగతి ఇళ్లవాళ్లు. ఆ ఇళ్ల అవతల పొలాల్లో పత్తి తీసే ఆడవాళ్లు, కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి తాలుకాయ ఏరే ఆడవాళ్లు ఆ ఉత్తరాల్లో మాట్లాడరు. ఎండు మిరప ఘాటుకు కళ్లు మండుతూ, దగ్గు తెరలు తెరలుగా వస్తూ, రోజంతా తొడిమలు తీసే మనిషికి పెళ్లి వయసు చట్టం ఏం చెప్పిందో ఎవరూ ఉత్తరం రాయలేదు. మగకూలీకి ఒక రేటు, ఆడకూలీకి ఒక రేటు అన్న ఆ సీమ అన్యాయం ఆ శీర్షికకు అందలేదు. అంటరానితనం తప్పని శారద చెప్పింది. అంటరానివారన్న ముద్ర మోసిన ఆడమనిషి తన గొంతుతో అందులోకి రాలేదు. ఈ లోటును ఒప్పుకోవాలి. ‘కుటీరలక్ష్మి’ని చూపించి మొత్తం మాఫీ చేయమనడం న్యాయం కాదు. ఒప్పుకుంటూనే ఒక సంగతి చెప్పాలి. ఇంటి లోపలి పనికి విలువ కట్టే పద్ధతి ఒకసారి మొదలైతే అది ఒక కులం ఇళ్ల దగ్గర ఆగదు. మగ్గం ఇంట్లో కండె చుట్టే మనిషి శ్రమ లెక్కలోకి వస్తే, కల్లంలో తాలుకాయ ఏరే మనిషి శ్రమ ఎందుకు రాదన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది. ఆ ప్రశ్న వేయడానికి వేరే రచయిత్రులు రావలసివచ్చింది. వాళ్లలో కొందరు ఆ పొలాల మధ్య నుంచే వచ్చారు.

హితబోధ ఎక్కువ, కళ తక్కువ అన్న మాటకు మాత్రం నేను ఎక్కువ సమయం ఇవ్వను. నిజమే, ఆమె రచనల్లో చాలాచోట్ల పాఠం చెప్పే గొంతు వినిపిస్తుంది. కథలకన్నా లేఖలకే నేను పెద్దపీట వేయడానికి అదొక కారణం. ఉత్తరంలో సలహా సహజం, కథలో అది బరువు.

ఇక ఆమె వేసిన పునాది మీద తర్వాత ఎవరు రాశారో చూద్దాం. గుంటూరుకు దగ్గరలోని చేబ్రోలులో 1933లో నవలా రచయిత్రి వాసిరెడ్డి సీతాదేవి పుట్టారు, అంటే శారద లేఖలు ఇంకా వస్తున్న కాలంలోనే. ఆమె ‘మట్టిమనిషి’ నవల నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా అనేక భారతీయ భాషల్లోకి వెళ్లింది. కూలివాడి స్థాయి నుంచి రెక్కల కష్టంతో రైతైన సాంబయ్య, అతని కొడుకు వెంకటపతి, చితికిపోయిన పెద్దింటి నుంచి కోడలిగా వచ్చిన వరూధిని, మనవడు రవి, వీళ్ల చుట్టూ నడిచే కథ. పట్నం మోజులో వరూధిని మొగుణ్ని వెంటబెట్టుకుని వెళ్తుంది, పొలం కరిగిపోతుంది, కాపురం కూలిపోతుంది, చివరికి మనవడు తాత మట్టిని వెతుక్కుంటూ వస్తాడు. చాలామంది ఈ నవలను మట్టి గొప్పతనం చెప్పిన నవలగా, వరూధినిని చెడగొట్టిన కోడలిగా చదివారు. వరలక్ష్మమ్మ నేర్పిన లెక్కతో చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది. వరూధిని ఆ ఇంటికి తెచ్చింది వంశం పేరు. ఆ పేరు కోసమే సాంబయ్య సంబంధం కలుపుకున్నాడు. ఆ పేరుకు బదులుగా ఆమెకు దక్కిన భూమి లేదు, చేసే పని లేదు, నిర్ణయించే హక్కు లేదు. మొగుడి మీద పెత్తనం ఒక్కటే ఆమె చేతిలోని ఆస్తి. దాన్నే ఖర్చు పెట్టింది. భూమి మగవాళ్ల వరసలో తాత నుంచి మనవడికి చేరే కథలో ఆడది మధ్యలో నాశనమై పోవడం సీతాదేవి యథాలాపంగా రాసింది కాదని నేననుకుంటున్నాను. డెల్టా కమతాల్లో ఆడదాన్ని సంబంధానికి వాడుకుని సాగుకు దూరంగా పెట్టే పద్ధతిని ఆమె పూర్తిగా ఎరిగిన మనిషి. రచయిత్రి సానుభూతి సాంబయ్య వైపు ఉందన్నది కాదనలేం. నవల చూపించిన సాక్ష్యం మాత్రం వరూధిని వైపు కూడా మాట్లాడుతుంది.

అప్పటి గుంటూరు జిల్లాలోని యడవల్లిలో 1950లో పుట్టిన రచయిత్రి ఓల్గా 1987లో ‘స్వేచ్ఛ’ నవల ప్రచురించేసరికి గొంతు మారింది. అందులో అరుణ ప్రేమించి పెళ్లి చేసుకుని కూడా ఆ ఇంట్లో తనకు ఊపిరాడటం లేదని గుర్తిస్తుంది. దెబ్బలు లేవు, కట్నం వేధింపులు లేవు, అయినా చాలదు అంటుంది. అలా అనగలగడానికి అరుణ దగ్గర చదువు ఉంది, వెనక ఒక చట్టం ఉంది, బయట ఒక ఉద్యమం ఉంది. అవి ఒక్కటొక్కటిగా చేరడానికి అరవై ఏళ్లు పట్టింది. ఓల్గా తరం స్త్రీవాదాన్ని పాశ్చాత్యుల దిగుమతి అన్నవారు ఉన్నారు. వారికి జవాబు బాపట్లలో ఉంది. పెళ్లికి షరతులుంటాయన్న మాట, ఆడదాని శ్రమకు వెల ఉందన్న మాట, చట్టం మారాలన్న మాట 1930ల నాటికే గుంటూరు సీమ ఇళ్లలో చదివి వినిపించుకున్న మాటలు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. కేంద్రం అదే పనిని దేశమంతటికీ 2005లో చేసింది. శారద రోజుల్లో ఊహించడానికే కష్టమైన హక్కు అది. అయినా పత్తి, మిరప పండే ఈ మెట్ట సీమలో పొలం పాసుపుస్తకాల మీద ఆడపేర్లు ఎంత తక్కువో రిజిస్ట్రేషను కచేరీల దగ్గర తిరిగేవారికి తెలుసు. పెళ్లినాడు పసుపుకుంకుమ కింద రాసిచ్చిన ఎకరం కొన్నాళ్లకు అల్లుడి అప్పులకు తాకట్టు వెళ్తుంది. అన్నదమ్ములు అడిగితే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో ఆడపడుచు హక్కు విడుదల పత్రం మీద సంతకం చేస్తుంది. పురుగుమందు తాగి కన్నుమూసిన కౌలురైతు భార్య, తాను పక్కనే నిలబడి చేసిన సాగుకు ఒక్క కాగితమైనా చూపలేక పరిహారం కోసం తిరుగుతుంది. చట్టంలో హక్కు ఉండి ఇంట్లో చెల్లకపోవడం 1930లో శారదా చట్టానికి ఎదురైన చిక్కే. ఫిర్యాదు చేయాల్సింది సొంతవాళ్ల మీద కావడమే అప్పుడూ ఇప్పుడూ అడ్డు. అందుకే ఆ లేఖలను తొలితరం రచయిత్రి జ్ఞాపకంగా దాచిపెట్టడంతో సరిపెట్టకూడదు. ఏ లేఖ ఏ నెలలో వచ్చింది, అప్పుడు చట్టసభలో ఏ బిల్లు నడుస్తోంది, ఊళ్లో ఏ పెళ్లిళ్లు జరుగుతున్నాయి అన్న వివరాలతో ఆ ఆరేళ్ల ఉత్తరాలూ కళాశాల తరగతిలోకీ, పొదుపు సంఘాల సమావేశాల్లోకీ వెళ్లాలి. చదివి వినిపించడానికే రాసిన ఉత్తరాలవి. బాపట్ల, గుంటూరు, ఒంగోలు కళాశాలల తెలుగు శాఖలు కలిసి పూనుకుంటే ఒక విద్యాసంవత్సరంలో అయ్యే పని.